ఆల్చిప్ప చెప్పెడి సాక్ష్యము



అనంతపురపు మెట్టసీమలో కాపురము చేయుచు, చినుకుకొరకు మబ్బులను లెక్కించుకొను మనకు సముద్రపు ముచ్చట లేల యని మీలో కొందరు నవ్వుదురేమో. మన సీమలో ఏటికి కురియు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. రామేశ్వరయాత్రకో, చెన్నపట్టణమున చుట్టాలయింటికో పోయినపుడు సముద్రమును చూచి, నాలుగు గవ్వలు కొంగున ముడివేసికొని వచ్చినవారమే మనలో పెక్కురము. అయినను నీటిలో పుట్టిన జీవి యొకటి మన వంటయింట తరతరములుగా మెలగినది. పాలకుండ యడుగున అంటిన గోకుడును గీయుటకును, పచ్చిమామిడికాయ చెక్కు తీయుటకును మన అమ్మమ్మలు వాడిన ఆల్చిప్పను తలచుకొనుడు. ఇనుపగరిటెలు వచ్చి దానిని మూలకు నెట్టినవి గాని, పాతయిండ్ల గూళ్ళలో వెదకినచో నేటికిని ఒకటి రెండు దొరకకపోవు.

ఆ ఆల్చిప్ప గోకుడుచిప్ప కాకముందు, ప్రాణముతో నీటిలో నున్నప్పుడు చేయు పని యొకటి కలదు. ఆ పనిని గుర్తించిన శాస్త్రజ్ఞులు దానిని సముద్రజలమునకు సాక్షిగా నిలిపి, నీటిలో ఏ విషము కలసినదో, ఎంత కలసినదో దానిచేత చెప్పించుచున్నారు. ఈ మాసమున ఆ సంగతిని మీకు విన్నవింప దలచితిమి. ఇది మన బిందెలోని నీటికిని సంబంధించిన సంగతియే యని కడపట మీకే తోచగలదు.

మన కావ్యములు చదివినవారికి ఆల్చిప్ప యనగానే స్వాతివాన తలపునకు వచ్చును. స్వాతికార్తెలో పడిన చినుకును అది నోరు తెరచి పట్టి ముత్యముగా మార్చునని కవులు చెప్పుదురు. శాస్త్రము చెప్పునది కొంచెము వేరు. ఎక్కడిదో పరాయిపదార్థమో, సూక్ష్మమైన పురుగో లోపల జొరబడినప్పుడు, తన చిప్పకు లోపలిపూతయగు మెరుగుపదార్థముతో ఆల్చిప్ప దానిని పొరలుపొరలుగా కప్పివేయును. అదియే ముత్యము. కథకును శాస్త్రమునకును ఒక విషయమున పొత్తు కుదిరినది: వెలుపలినుండి వచ్చినదానిని ఈ జీవి తనలో నిలుపుకొనును. ముత్యపు సంగతి లోకమంతయు ఎరుగును. విషమును సైతము అది యట్లే నిలుపుకొనునను సంగతి మాత్రము గడచిన డెబ్బదియేండ్లలోనే బాగుగా తెలియవచ్చినది.

ఆల్చిప్ప బ్రదుకుతెరువు ఎట్టిదో చూతము. బండలకు, రేవుగోడలకు అంటుకొని యుండు జాతులు పీచువంటి దారములను తామే స్రవించి, వానితో పట్టుకొని, అంటుకొన్నచోటనే జీవితము చాలవరకు గడపును. మేతకై అవి తిరుగవు. మేతయే వానియొద్దకు వచ్చును. చిప్ప కొంచెము తెరచి, నీటిని లోనికి పీల్చి, మొప్పలగుండ పోనిచ్చి, అందలి కంటికి కానరాని నాచురేణువులను వడగట్టి తిని, మిగిలిన నీటిని వెలికి వదలును. నిండుగా పెరిగిన యొక చిప్ప గంటకు ఒకటి రెండు లీటర్ల నీటిని ఇట్లు వడబోయగలదు. రాత్రింబవళ్ళు జరుగు పని గనుక నెల తిరుగునప్పటికి ఒక్కొక చిప్పగుండ పోయిన నీరు పదులకొలది బిందె లగును.

పసుపునీటిని వడబోసిన గుడ్డ మరునాటికిని పసుపుగనే యుండును గదా. నీరు పారబోసిన తరువాత గూడ, ఆ నీటిలో ఏమున్నదో గుడ్డ చెప్పును. ఆల్చిప్పయు నట్టిదే. నీటిలో సీసమో, పాదరసమో, కాడ్మియమో, రాగియో, పురుగుమందో యున్నచో, అది మేతతో పాటు దాని మాంసమున చేరి నిలుచును. నీటిలో ఎంత వెదకినను చిక్కనంత కొద్దిగా నున్న పదార్థము, దాని మాంసమున వేలరెట్లు చిక్కబడి పరీక్షకు తేలికగా దొరకును.

నీటినే సీసాలో పట్టి పరీక్షింపరాదా యని మీ రడుగవచ్చును. పరీక్షింపవచ్చును, పరీక్షించుచునే యున్నారు. కాని సీసాలోని నీరు ఆ క్షణపు మాటను మాత్రమే చెప్పును. పోటు వచ్చిన నీరు వేరు, పాటున మిగిలిన నీరు వేరు. రాత్రివేళ కాలువలోనికి వదలిన మురికి తెల్లవారునప్పటికి కొట్టుకొనిపోవును. ఉదయము పదిగంటలకు సీసా పట్టుకొని వచ్చిన యుద్యోగికి తేటనీరే కనబడును. ఆల్చిప్ప రాత్రియు నచ్చటనే యున్నది. కొన్ని వారముల, కొన్ని నెలల సంగతి దాని యొడలిలో మొత్తముగా నిలిచియుండును. అది కదలదు గనుక వేరొకచోటి విషమును ఇచ్చటికి మోసికొనివచ్చినదని సందేహింప నవసరము లేదు. చేపలు కొన్ని విషములను తమలోనే విరిచివేసికొనగలవు. ఆల్చిప్పకు ఆ శక్తి మిక్కిలి తక్కువ. కావున చేప మరచిన సంగతిని ఆల్చిప్ప మరవదు.

ఈ గుణములన్నియు గమనించి, కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్రసంస్థకు చెందిన ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు 1975లో ఒక సూచన చేసెను. లోకమందలి తీరములన్నిట ఆల్చిప్పలను సేకరించి, ఒకే విధముగా పరీక్షించి, సముద్రముల యారోగ్యమును కనిపెట్టుచుండవలయునని దాని సారాంశము. దానికి 'మస్సెల్ వాచ్', అనగా ఆల్చిప్పల కావలి, అని పేరు వచ్చినది. అమెరికా ప్రభుత్వము 1986నుండి తన తీరములయందు ఈ కావలిని క్రమముగా నడుపసాగినది. తరువాత ఆసియాదేశములకును ఇది వ్యాపించినది.

ఈ పనిలో పాటింపవలసిన నియమములు కొన్ని యున్నవి. చిన్నచిప్ప లెక్క పెద్దచిప్పకు సరిపడదు. గుడ్లు పెట్టు కాలమున శరీరము చిక్కి, లెక్క మారిపోవును. వరదనీరు వచ్చి ఉప్పదనము తగ్గినపుడును అంతే. కావున ఒకే జాతిని, ఒకే పరిమాణము గలవానిని, ఒకే ఋతువులో ఏరి, పది యిరువదింటిని కలిపి పరీక్షింతురు. ఆల్చిప్పలే లేనిచోట, శుద్ధజలమున పెరిగినవానిని వలసంచులలో పెట్టి కొన్ని వారములు వ్రేలాడగట్టి, పిదప తీసి చూతురు.

సాక్షి మాటను విని మేలు పొందినవారి కథ యొకటి చెప్పెదము. ఫ్రాన్సుదేశమున ఆర్కషాన్ అను అఖాతము ఆల్చిప్పల పెంపకమునకు పేరుపొందినది. 1970ల దశకము చివర అచ్చటి ఆల్చిప్పలకు పిల్లలు నిలువలేదు. పెద్దవాని చిప్పలు వికారముగా మందమెక్కి, పొరలనడుమ జిగురుపదార్థము నిండి గుండ్రాళ్ళవలె నయ్యెను. పెంపకందారుల కుటుంబములు దిక్కుతోచక కూర్చుండెను. కారణము విచారింపగా పడవలకు పూయు రంగని తేలినది. పడవల యడుగున నాచు పట్టకుండుటకై ఆ రంగులో ట్రైబ్యుటైల్ టిన్ అను పదార్థమును కలిపెడివారు. 1982లో ఫ్రెంచి ప్రభుత్వము 25 మీటర్లకు లోబడిన పడవలకు ఆ రంగు పూయరాదని శాసించినది. కొలది యేండ్లలో ఆల్చిప్పలు మరల పిల్లలను పెట్టి కోలుకొనెను. ఆ పదార్థమును ఓడలన్నిటికిని నిషేధించు అంతర్జాతీయపు టొడంబడిక 2001లో కుదిరి, 2008లో అమలునకు వచ్చినది.

వినకపోయినవారి కథయు చెప్పక తప్పదు. జపానుదేశమున మినమాటా అను రేవుపట్టణము కలదు. అచ్చటి చిస్సో కంపెనీవారి కర్మాగారము పాదరసముతో కూడిన మురికిని ఏండ్లతరబడి అఖాతములోనికి వదలినది. మొదట పిల్లులు పిచ్చియెత్తినట్లు గిరగిర తిరిగి చచ్చెను. తరువాత మనుష్యులకు కాళ్ళుచేతులు వణకుట, మాట తడబడుట, చూపు తగ్గుట కలిగెను. 1956 మే 1వ తేదీన ఆ వ్యాధి మొదటిసారి అధికారులకు తెలుపబడినది. తెలుపబడిన రోగులు చిన్నపిల్లలు. కుమమోటో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆ అఖాతపు గుల్లల మాంసమునుండియే పాదరసపు విషమును వేరుచేసి చూపిరి. అయినను ఆ విషము కర్మాగారమునుండి వచ్చినదేయని ప్రభుత్వము 1968వరకు ఒప్పుకొనలేదు. అంతవరకును మురికి సముద్రమునకు పోవుచునే యుండెను.

తల్లులమైన మన మనస్సున నాటుకొను విషయ మొకటి ఆ కథలో నున్నది. మాయ బిడ్డను విషములనుండి కాపాడునని వైద్యు లంతవరకు నమ్మియుండిరి. మినమాటాలో తల్లులు కొందరు తమకు పెద్దగా జబ్బు లేకుండనే, పుట్టుకతోనే అవిటివారైన బిడ్డలను కనిరి. తల్లి తిన్న చేపలలోని, గుల్లలలోని పాదరసము మాయను దాటి శిశువును చేరినది. జపాను తల్లులు బిడ్డ బొడ్డుతాడు నెండబెట్టి చిన్నపెట్టెలో దాచుకొందురు; మన యిండ్లలోను కొందరు దానిని వెండితాయెత్తులో పెట్టి బిడ్డ నడుమున కట్టుదురు గదా. ఆ తల్లులు దాచిన బొడ్డుతాళ్ళను ఏండ్ల తరువాత పరీక్షింపగా వానిలో పాదరసము కనబడినది. ఆల్చిప్ప చెప్పిన సాక్ష్యమును పెద్దలు ఆలకింపకపోవుటచేత, చివరకు బొడ్డుతాడు సాక్ష్యము చెప్పవలసివచ్చినది.

ఇక మన తెలుగుతీరమునకు వత్తము. విశాఖపట్టణపు లోపలిరేవు 1933లో ఓడలకు తెరవబడినది. మూడువైపుల నేల చుట్టుకొని యుండుటచే ఆ రేవులోని నీరు తొందరగా మారదు. ఊరి మురికియు, చుట్టును లేచిన కర్మాగారముల మురికియు అందు చేరి నిలువసాగినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన పి. ఎన్. గణపతి, ఎ. వి. రామన్ అను జంతుశాస్త్రజ్ఞులు 1970ల దశకమున ఈ రేవును శ్రద్ధగా పరిశీలించిరి. మురికి ఎక్కువైన చోట్ల పలుజాతుల జీవులు మాయమై, అట్టి బురదను సహింపగల కాపిటెల్లా అను సన్నని పురుగు మాత్రము గుంపులుగుంపులుగా పెరుగుట వారు గమనించి, ఆ పురుగునే మురికికి గుర్తుగా పేర్కొనిరి.

అదే రేవున 1967లో ఒక క్రొత్తరకపు చిన్నచిప్ప కనబడినది. మైటిలాప్సిస్ అని దానికి శాస్త్రనామము. దాని పుట్టిల్లు అమెరికాఖండపు ఉష్ణతీరము. ఓడల నంటిపట్టుకొని మహాసముద్రములు దాటి వచ్చినది. ఇతర జాతులు బ్రదుకలేని మురికినీటిలోను అది సంసారము సాగించి, రేవుగోడలను, పడవలను గుత్తులుగుత్తులుగా కప్పివేసినది. కాబట్టి చిప్పలు కనబడినంతమాత్రమున నీరు మంచిదని తలంపరాదు. ఏ జాతి యున్నది, ఏ జాతి పోయినదియు చూడవలెను. తులసి యెండిన పెరటిలో ఉమ్మెత్త ఏపుగా పెరిగినంతమాత్రమున నేల బాగున్నదని యనుకొందుమా?

కాకినాడ అఖాతమున 'బుడితగుల్ల' యను నొక జాతి కలదు. దీని నెత్తురు మన నెత్తురువలె నెఱ్ఱగా నుండును. ఇది బండ నంటక బురదలో కూరుకొని బ్రదుకును గనుక, నీటి సంగతితో పాటు బురద సంగతిని గూడ చెప్పగలదు. గోదావరి మోసికొనివచ్చిన ఒండ్రు ఆ ప్రాంతమున చేరుచుండును. ఆ తీరపు బీదకుటుంబములు ఈ గుల్లలను ఏరి, మాంసమును తినియు అమ్ముకొనియు, చిప్పలను సున్నపుబట్టీలకు వేసియు పొట్టపోసికొనుచున్నవి. మనము వేసికొను తాంబూలపు సున్నమున ఎక్కడనో ఒక చిప్ప కాలియుండవచ్చును. అట్టిచోట నీరు చెడినచో శాస్త్రజ్ఞుని పట్టికలో ఒక అంకె పెరుగుటతో పోదు; సాయంకాలము ఆ తల్లి పొయ్యిమీద పెట్టిన కూర చెడును.

దక్షిణదేశపు తీరములనుండి పచ్చని ఆల్చిప్పలను సేకరించి, అన్నామలై విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులును జపానులోని ఎహిమె విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులును కలసి పరీక్షించిన ఫలితములు 1990లో వెలువడినవి. వారు వెదకినవి డి.డి.టి., బి.హెచ్.సి. మొదలగు మందులు, అవి ఆ చిప్పల మాంసమున దొరకినవి. ఆ మందులను సముద్రములో ఎవరును చల్లలేదు. బి.హెచ్.సి. యనగా మన పల్లెలలో గమాక్సిన్ అను పేర చలామణియైన పొడియే. చేలపై చల్లినది, దోమలకని గోడలకు కొట్టినది వానకు కొట్టుకొని వాగునకు, వాగునుండి ఏటికి, ఏటినుండి కడలికి పోయినది. సేద్యమునకు డి.డి.టి. వాడుకను మన దేశమున 1989లో ఆపిరి, బి.హెచ్.సి.ని 1997లో నిషేధించిరి. అయినను అట్టి మందులు మట్టిలో విరిగిపోవుటకు మిక్కిలి కాలము పట్టును.

ఇచ్చట మన పెన్నను తలచుకొనుడు. నందికొండలలో పుట్టి, హిందూపురము మీదుగా మన సీమలో ప్రవేశించి, పెన్నహోబిలమును, తాడిపత్రిని చూచుకొని, కడప దాటి, నెల్లూరు మండలమున సముద్రమును చేరు నది యది. ధర్మవరపు పట్టుచీరెల యూరిని ఒరసికొనిపోవు చిత్రావతియు గండికోటయొద్ద పెన్ననే కలియుచున్నది. మన యేళ్ళు సంవత్సరమున ఎక్కువకాలము ఇసుకయే గదా యని తేలికగా అనుకొనరాదు. ఏడాదిపొడుగున వంకలోను, చెరువుకట్ట వెనుకను మనము పారవేసిన మందుడబ్బా, బ్యాటరీ, ఇంజను నూనె, అద్దకపునీరు అన్నియు అచ్చటనే కాచుకొని కూర్చుండి, పెద్దవాన వచ్చిన ఒక్కరాత్రిలో కదలిపోవును. నెల్లూరుతీరపు ఆల్చిప్పకు మన యూరిపేరు తెలియదు. మన యూరిమురికి మాత్రము తెలియవచ్చును.

సముద్రపు ఆల్చిప్పకు మంచినీటి చుట్టము లున్నవి. మన దేశపు చెరువులలోను, ఏళ్ళలోను లామెల్లిడెన్స్ అను మంచినీటి ఆల్చిప్ప విస్తారముగా నుండును. చెరువు ఎండిపోవునపుడు నత్త బురదలోనికి దిగి, తన మూతను బిగించుకొని, తిరిగి వాన పడువరకు మెదలక పడియుండుటను మన పిల్లలుకూడ నెరుగుదురు. కరవునకు ఓర్చుటలో అది మన సీమవారికి తీసిపోదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ ఆల్చిప్పలపైనను, నత్తలపైనను ఏండ్లతరబడి పరిశోధనలు చేసి, పురుగుమందులు వాని యూపిరిని, వంటిలోని జీవక్రియలను ఎట్లు మార్చుచున్నవో చూపిరి.

ఇట్టి మంచినీటి చిప్పలను పోలెండు దేశపు రాజధానియగు వార్సాలో నీటికచ్చేరీ కావలికి పెట్టుకొనిరి. ఊరికి పోవు నీరు ఎనిమిది ఆల్చిప్పలున్న తొట్టిగుండ పారును. ఒక్కొక చిప్పకు చిన్న అయస్కాంతము నతికించి, అది ఎంత తెరచుకొన్నదో యంత్రముచే కనిపెట్టుచుందురు. నీరు బాగున్నంతసేపు చిప్పలు తెరచియుండి మేత మేయును. విషము తగిలినచో వెంటనే మూసికొనును. ఇట్లు చిప్పలు మూసికొన్నచో హెచ్చరిక మ్రోగి, నీటిసరఫరా నిలిచిపోవును. సుమారు మూడునెలలు కొలువు చేసినపిదప వానిని తిరిగి నీటిలో వదలి, క్రొత్తవానిని తెత్తురు. రసాయనయంత్రములు అనేకము లుండగా ఈ చిప్ప లెందుకనగా, యంత్రము తనకు నేర్పిన విషమునే గుర్తుపట్టును. ప్రాణి తనకు చెరుపుచేయు దేనినైనను గుర్తుపట్టును.

ప్రాణి ముందుగా గుర్తుపట్టుటకు మన తెలుగునాటనే నిదర్శన మున్నది. పొదిలి ప్రాంతమున 1930ల దశకమున ఎద్దులు కీళ్ళు బిగిసి, కాడికి మెడ యొగ్గి నడువలేకపోవుటను రైతులు గమనించిరి. నీటిలోని ఫ్లోరైడు దానికి కారణమని తేలినది. పశువులను గూర్చి 1935లోను, మనుష్యులను గూర్చి 1937లోను శాస్త్రజ్ఞుల వివరణలు వెలువడినవి. మన దేశమున ఫ్లోరైడు వ్యాధి వెల్లడియైనది ఆ ప్రాంతముననే. నాడు మొదట సాక్ష్యము చెప్పినది ఎద్దు.

ఫ్లోరైడు మన అనంతపురపు సీమకు క్రొత్త కాదు. ఇది కర్మాగారము వదలిన మురికి కాదు, రాతిపొరలలోనే యున్నది. బోరు లోతు పెరిగినకొలది, నీరు ఎక్కువకాలము రాతిని ఒరసియుండుటచే, పలుచోట్ల ఫ్లోరైడును పెరుగును. లీటరునకు ఒక మిల్లీగ్రాము దాటకుండుట మంచిదనియు, వేరు నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాములవరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. ఎనిమిదేండ్లలోపు, శాశ్వతపు పండ్లు లోలోపల తయారగు కాలమున బిడ్డ అట్టి నీరు త్రాగినచో, పండ్లపై సున్నపుమచ్చలో, గోధుమవన్నె చారలో ఏర్పడి జీవితాంతము నిలుచును. మా యింటివారు బడిలో పేర్లు పిలుచునపుడు, చేయెత్తి నవ్విన పిల్లవాని పండ్లనుబట్టి వాడు ఏ బోరునీరు త్రాగి పెరిగినాడో చెప్పగలమని యనుచుందురు. ఆ మాట విన్నప్పుడెల్ల మాకు ఆల్చిప్పయే జ్ఞప్తికి వచ్చును. నీటిలెక్క ఎవ్వరును వ్రాయనిచోట బిడ్డ పన్నే ఆ లెక్కను వ్రాసికొనుచున్నది. ఆల్చిప్పను నిలుపవలసిన చోట మనము బిడ్డను నిలిపితిమి.

కావున ఆల్చిప్పల కావలి మనకు నేర్పు పాఠ మొకటే: సాక్షిని ముందుగా నిలుపవలెను, అది చెప్పినమాటను సకాలమున ఆలకింపవలెను. దీనికై మనము సముద్రమునకు పోనక్కరలేదు. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమునను కనీసము ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష పెట్టెతో పరీక్షచేయుట నేర్పవలెనని ఏర్పాటున్నది. ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, నీటికాఠిన్యము మొదలగునవి ఆ పెట్టెతో చూడవచ్చును. రంగు మారుటనుబట్టి లెక్క చెప్పు పరీక్ష గనుక, చారులో ఉప్పు సరిచూచు చేతికి అది కష్టము కాదు.

మీ యూర ఆ ఐదుగు రెవరో విచారింపుడు. ఎవరును లేకున్నచో పంచాయతి కార్యాలయమున అడుగుడు. మీలో చదువువచ్చిన కోడండ్రను, కూతుండ్రను ముందుకు పంపుడు. పరీక్ష జరిగినదని విని ఊరకుండక, వచ్చిన అంకె యెంతయో అడిగి, తేదీతో కూడ వ్రాసికొనుడు. వేసవిలో ఒకసారి, వానలు పడినపిదప ఒకసారి చూచినచో తేడా తెలియును. ఫ్లోరైడు ఎక్కువయని తేలినచో నీటిని కాచి త్రాగుటవలన ప్రయోజనము లేదు. కాచినకొలది నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కబడును. అట్టి యింట త్రాగుటకును వంటకును వేరు నీరు తెచ్చుకొని, బోరునీటిని తక్కిన పనులకు వాడుకొనవలెను. ముందుగా ఎనిమిదేండ్లలోపు పిల్లలకును, కడుపుతో నున్నవారికిని, పాలిచ్చు తల్లులకును మంచినీరు దక్కునట్లు చూడుడు.

మందుడబ్బాలను చెరువులో కడుగనీయకుడు. పాడైన బ్యాటరీలను, మిగిలిన రంగును, వాడిన ఇంజను నూనెను వంకలో పోయనీయకుడు. తీరమున నున్న మన సోదరీమణులు రేవుకాలువలు కలియుచోట గుల్లలను ఏరి వండకుండుట మంచిది. ఎంత ఉడికించినను సీసము గాని, పాదరసము గాని పోదు.

మన యిండ్లలో పాలలెక్కను గోడమీది క్యాలెండరున వ్రాసికొనుట వాడుక. పూటకు ఎన్ని లీటర్లు పోసినదియు, ఏనాడు పోయనిదియు అందు తప్పక యుండును. ఆ ప్రక్కనే మన నీటిలెక్కకు ఒక గీటు గీసికొందము. వచ్చు మాసమునకు మీలో ఎవరైనను తమ యూరినీటి అంకెను తెలిసికొని మాకు వ్రాసినచో, ఈ పుటలోనే సంతోషముతో ప్రకటింపగలము.